మైకు, బజర్ బోర్డు: క్లాసులో ఏది కనిపించాలి, ఏది కాలిపోకుండా చూడాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పాలిటెక్నిక్‌లో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చెబుతున్నారు. స్విచ్‌లు, ఎల్‌ఈడీలతో పిల్లలకు విసుగొస్తోందని ఒక మైకు, ఒక బజర్ ఉన్న చిన్న బోర్డు చేయించాలనుకున్నారు. దాన్ని ట్రైనర్ కిట్‌కీ (ఐసీలు, వైర్లతో సర్క్యూట్లు కట్టి చూసే ల్యాబ్ పెట్టె) పెట్టాలి, చివరి ఏడాది వాళ్ల ఎఫ్‌పీజీఏ బోర్డుకీ (కోడ్ రాసి లోపలి సర్క్యూట్ మార్చుకోగల చిప్పు ఉన్నది) పెట్టాలి. మైకు, దాని వెనక ఒక ట్రాన్సిస్టర్, ఆ వెనక 555 టైమర్ ఐసీ, చివర బజర్, ఇలా బ్రెడ్‌బోర్డ్ మీద కట్టి చూశారు. చప్పట్లు ఒకసారి కొడితే బజర్ ఇక ఆగడం లేదు. ఫ్లిప్‌ఫ్లాప్ (ఒక్కో పల్సుకి 0 నుంచి 1కి, మళ్లీ 0కి మారేది) ఒకసారి మారుతుంది, ఒకసారి మారదు. సర్క్యూట్ సరిచేసి పీసీబీ (అచ్చు సర్క్యూట్ బోర్డు) చేయించడానికి పంపాలి, ఏం మార్చాలి అన్నారు.

ముందు ఒక మాట. మీరు చెప్పిన రెండు లోపాలూ మీ పాఠానికి పనికొచ్చేవే. వాటిని బోర్డు మీదే పూర్తిగా సరిచేసేస్తే మిగిలేది బజార్లో దొరికే చప్పట్ల స్విచ్. పిల్లలు దాన్ని చూసి నవ్వుకుంటారు, నేర్చుకునేది ఉండదు. బోర్డు ఏ వైరు ఎక్కడ పెట్టినా కాలిపోకూడదు, అంతవరకే మన బాధ్యత. సిగ్నల్‌లో ఉన్న గజిబిజిని మాత్రం ఒక పిన్ను మీద యథాతథంగా బయటికి ఇవ్వాలి. కింద నేను చెప్పేదంతా ఈ లెక్క మీదే ఉంటుంది.

మైకు దగ్గర మొదలుపెడదాం. మామూలు ఎలక్ట్రెట్ మైకు సెన్సిటివిటీ మైనస్ 44 డెసిబెల్ అని డేటాషీట్‌లో ఉంటుంది. అంటే 94 డెసిబెల్ శబ్దానికి సుమారు 6.3 మిల్లీవోల్ట్లు. మీటరు దూరంలో మామూలుగా మాట్లాడే మాట 60 డెసిబెల్ ఉంటుంది, దానికి వచ్చేది 0.13 మిల్లీవోల్టే. దగ్గరగా కొట్టిన చప్పట్లకు ఆరేడు మిల్లీవోల్ట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎల్‌ఎం393 కంపారేటర్‌కి (రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చెప్పే ఐసీ) ఇన్‌పుట్ ఆఫ్‌సెట్టే, అంటే పోల్చడంలో వచ్చే తేడాయే, 5 మిల్లీవోల్ట్ల దాకా ఉండొచ్చు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే ఆ ఎర్రటి సౌండ్ సెన్సర్ మాడ్యూళ్లలో చాలావాటిలో మైకుని ఆంప్లిఫయర్ లేకుండా నేరుగా కంపారేటర్‌కే ఇస్తారు. అందుకే వాటి ప్రీసెట్‌ని (స్క్రూతో తిప్పే చిన్న వేరియబుల్ రెసిస్టర్) వెంట్రుకవాసి తిప్పితే ఎప్పుడూ ఆన్, ఇంకో వెంట్రుకవాసి తిప్పితే ఎప్పుడూ ఆఫ్. ల్యాబ్‌లో పిల్లలు గంటంతా ఆ స్క్రూ తిప్పుతూనే కూర్చుంటారు. అవి కొనకండి.

మధ్యలో ఒక ఆప్‌ఆంప్, అంటే సిగ్నల్‌ని పెంచే ఐసీ, కావాలి. ఎంసీపీ6002 తీసుకోండి. 5 వోల్ట్ల మీద నడుస్తుంది, అవుట్‌పుట్ దాదాపు సప్లై దాకా వెళ్తుంది, ఒకే ఐసీలో రెండు ఉంటాయి. ఎల్‌ఎం358 చేతిలో ఉంటే దానితోనూ నడుస్తుంది కానీ అవుట్‌పుట్ 3.5 వోల్ట్ల దగ్గర ఆగిపోతుంది. గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలన్నది) 101 పెట్టండి: నాన్‌ఇన్వర్టింగ్, 100 కిలో ఓమ్‌లు, 1 కిలో ఓమ్. ఆ 1 కిలో ఓమ్‌కి వరసలో 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి గ్రౌండ్‌కి దింపండి. దానివల్ల 160 హెర్ట్జ్ కంటే కిందివి తగ్గిపోతాయి. క్లాసులో సీలింగ్ ఫ్యాన్ గాలి మైకు మీద చేసే గురగుర, 50 హెర్ట్జ్ మెయిన్స్ హమ్ రెండూ ఆ కిందే ఉంటాయి. చప్పట్ల శబ్దంలో బలం చాలావరకు దీనికి బాగా పైన ఉంటుంది కాబట్టి నష్టం లేదు. ఈ ఆప్‌ఆంప్ బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జ్, 101తో భాగిస్తే 10 కిలోహెర్ట్జ్ మిగులుతుంది, మనకు చాలు.

ఇప్పుడు లెక్క చూడండి. మాటకు 0.13 ఇంటూ 101, అంటే 13 మిల్లీవోల్ట్లు. చప్పట్లకు 600 మిల్లీవోల్ట్లకు పైనే. ఈ రెంటి మధ్య థ్రెషోల్డ్ (కంపారేటర్ మారే గీత) పెట్టుకోవడానికి బోలెడంత చోటుంది. పక్క బెంచీ వాళ్ల గుసగుసలకు బోర్డు స్పందించదు.

గెయిన్ మార్చడానికి ప్రీసెట్ పెట్టకండి, థ్రెషోల్డ్‌కి ఒక్కటే పెట్టండి. రెండు ఉంటే పిల్లలు రెండూ తిప్పుతారు, ఇక ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ ఒక్కదాన్నీ 0 నుంచి 5 వోల్ట్ల దాకా తిరగనివ్వకండి. పైన 18 కిలో, మధ్యలో 10 కిలో ప్రీసెట్, కింద 30 కిలో పెడితే థ్రెషోల్డ్ 2.6 నుంచి 3.45 వోల్ట్ల మధ్యే తిరుగుతుంది. ఆప్‌ఆంప్ నిశ్శబ్దంలో 2.5 దగ్గర, అంటే సప్లైలో సగంగా మనం ఇచ్చే రిఫరెన్స్ దగ్గర, కూర్చుంటుంది కాబట్టి, ప్రీసెట్ ఏ మూలకు తిప్పినా బోర్డు పనిచేస్తూనే ఉంటుంది.

ఎంసీపీ6002లో రెండో సగాన్ని ఎన్వలప్ (అల శిఖరాలను కలుపుతూ పోయే గీత) తీయడానికి వాడండి. అవుట్‌పుట్ నుంచి 1ఎన్4148 డయోడ్, 100 ఓమ్‌లు, 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఆ కెపాసిటర్ నుంచి 2.5 వోల్ట్ల రిఫరెన్స్‌కి 100 కిలో ఓమ్‌లు. ఫీడ్‌బ్యాక్‌ని ఆప్‌ఆంప్ కాలి దగ్గర నుంచి కాదు, డయోడ్ దాటాక తీసుకోండి. మామూలుగా డయోడ్‌లో పోయే 0.6 వోల్ట్లు అప్పుడు లెక్కలోకి రావు, అసలు సిగ్నల్‌కీ ఎన్వలప్‌కీ ఒకే థ్రెషోల్డ్ సరిపోతుంది. టైమ్ కాన్‌స్టంట్ 47 మిల్లీసెకన్లు. గట్టి చప్పుడుకి ఎన్వలప్ పదో వంతుకి దిగడానికి 100 మిల్లీసెకన్ల చిల్లర పడుతుంది. ఇంతకంటే పెంచితే వెంటవెంటనే కొట్టిన రెండు చప్పట్లు ఒకటిగా కలిసిపోతాయి. తగ్గిస్తే గది ప్రతిధ్వనికే రెండుసార్లు లెక్కపడుతుంది.

కంపారేటర్‌గా ఎల్‌ఎం393నే వాడండి. రెండు సగాల్లో ఒకటి ఆప్‌ఆంప్ సిగ్నల్‌ని నేరుగా చూస్తుంది, ఆ పిన్నుకి 'పచ్చిది' అని పేరు పెట్టుకుందాం. రెండోది ఎన్వలప్‌ని చూస్తుంది, అది 'వడగట్టినది'. ఎల్‌ఎం393 అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్ అన్నదే మనకు వరం. అంటే అది పిన్నుని కిందికి లాగుతుంది కానీ పైకి నెట్టదు, పైకి లాగే రెసిస్టర్ (పుల్అప్) మనం పెట్టాలి. చిప్పుని 5 వోల్ట్ల మీద నడిపి, పుల్అప్ 4.7 కిలో ఓమ్‌లను మాత్రం విడిగా ఒక పిన్నుకి కలపండి. ట్రైనర్ కిట్‌తో వాడేటప్పుడు ఆ పిన్నుకి 5 వోల్ట్లు, ఎఫ్‌పీజీఏతో వాడేటప్పుడు దాని 3.3 వోల్ట్లు. ఆర్టిక్స్-7 లాంటి ఎఫ్‌పీజీఏ చిప్పుల కాళ్లు 5 వోల్ట్లు తట్టుకోవు. ఈ ఒక్క పిన్ను పెడితే 5 వోల్ట్లను 3.3కి మార్చే లెవల్ షిఫ్టర్ ఐసీ అక్కర్లేదు. పైగా ఓపెన్ కలెక్టర్ ఎందుకు కనిపెట్టారో బోర్డు మీదే చూపించొచ్చు. బేసిస్ 3 లాంటి ఎఫ్‌పీజీఏ బోర్డుల చిన్న కనెక్టర్లలో 3.3 వోల్ట్లే ఉంటాయి, 5 వోల్ట్లు విడిగా తెచ్చుకోవాలి. గ్రౌండ్లు రెండూ కలపమని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి.

హిస్టరెసిస్ (పైకెక్కేటప్పుడు మారే గీత, దిగేటప్పుడు మారే గీత వేరుగా ఉండడం) దగ్గర ఒక చిక్కుంది, అనుభవం ఉన్నవాళ్లు కూడా దీన్ని దాటిపోతారు. ఎన్వలప్‌ని 10 కిలో ఓమ్‌ల ద్వారా ప్లస్ కాలికి ఇచ్చి, అవుట్‌పుట్ నుంచి అదే కాలికి 470 కిలో ఓమ్‌లు వెనక్కి తేవాలి. థ్రెషోల్డ్ కనిష్ఠంలో 2.59 వోల్ట్లు ఉన్నప్పుడు, పైకెక్కేటప్పుడు 2.645 దగ్గర మారుతుంది. పుల్అప్ 5 వోల్ట్లయితే దిగేటప్పుడు 2.54 దగ్గర. నిశ్శబ్దం 2.5, సరిగ్గా దానికి పైనే ఉన్నాం. హిస్టరెసిస్ ఎక్కువైతే మంచిదేగా అని 220 కిలో పెట్టారనుకోండి, దిగే గీత 2.48కి వస్తుంది. ఎన్వలప్ 2.5 కిందికి ఎప్పటికీ రాదు కాబట్టి అవుట్‌పుట్ ఒకసారి హైకి వెళ్తే అక్కడే ఇరుక్కుపోతుంది. ఎఫ్‌పీజీఏతో 3.3 వోల్ట్ల మీద ఇది కనిపించదు, ట్రైనర్ కిట్ మీదే వస్తుంది. ఒకే బోర్డు ఒకచోట పనిచేసి ఇంకోచోట పనిచేయకపోతే తల పట్టుకుంటాం. పచ్చి కంపారేటర్‌కి హిస్టరెసిస్ చాలా తక్కువ ఉండాలి, 10 కిలోకి 1 మెగా ఓమ్.

ఇక బజర్. యాక్టివ్ బజర్ వద్దు. దాని లోపలే ఆసిలేటర్ ఉంటుంది, వోల్టేజి ఇస్తే మోగుతుంది, తీస్తే ఆగుతుంది, పిల్లలకు అది శబ్దం చేసే ఎల్‌ఈడీ మాత్రమే. పాసివ్ బజర్ తీసుకుంటే క్లాక్‌ని భాగించి స్వరం పుట్టించాల్సిన పని వాళ్ల మీద పడుతుంది. 100 మెగాహెర్ట్జ్ క్లాక్ నుంచి 440 హెర్ట్జ్ కావాలంటే 1,13,636 దాకా లెక్కపెట్టి పిన్నుని తిప్పాలి, దానికి 17 బిట్ల కౌంటర్ కావాలి. 17 ఎందుకు, 16 ఎందుకు చాలదు అని వాళ్లంతట వాళ్లే తేల్చుకునే అవకాశం వేరే ప్రయోగంలో ఇంత సులభంగా రాదు.

పాసివ్ మాగ్నెటిక్ బజర్‌లో ఉండేది తీగచుట్ట. 42 ఓమ్‌లవి, 16 ఓమ్‌లవి రెండూ దొరుకుతాయి. 74ఎల్‌ఎస్ లాజిక్ ఐసీ గేటు హైలో ఇవ్వగలిగింది 0.4 మిల్లీఆంప్. కాబట్టి ట్రాన్సిస్టర్ తప్పనిసరి. బీసీ547 హద్దు 100 మిల్లీఆంప్‌లే, బీసీ337 పెట్టండి. 2ఎన్7000 మాస్‌ఫెట్ పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దాని గేట్ థ్రెషోల్డ్ 3 వోల్ట్ల దాకా ఉండొచ్చు, 3.3 వోల్ట్లతో కొన్ని పీసులు మోగుతాయి, కొన్ని మోగవు. బజర్‌కి వరసలో 33 ఓమ్‌లు, అడ్డంగా తిరగేసి 1ఎన్4148.

16 ఓమ్‌ల బజర్‌ని ట్రాన్సిస్టర్ నేరుగా ఆన్‌లో ఉంచితే 5 వోల్ట్లకు ఒకటిన్నర వాట్ వేడి. చుట్ట కాలుతుంది. పిల్లలు రాసిన కోడ్‌లో పిన్ను 1లో ఆగిపోవడం మామూలే. అందుకని పిన్నుకీ బేస్‌కీ మధ్య 1 కిలో ఓమ్‌తో పాటు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ పిన్ను వైపు. బేస్ నుంచి గ్రౌండ్‌కి ఇంకో 1ఎన్4148, క్యాథోడ్ బేస్ వైపు ఉండేలా. పిన్ను 0కి దిగినప్పుడు కెపాసిటర్ ఆ డయోడ్ గుండా ఖాళీ అవుతుంది. ఇలా చేస్తే మారే సిగ్నల్‌కే బజర్ మోగుతుంది. 1లో నిలిచిపోతే కొన్ని పదుల మిల్లీసెకన్లలో తనంతట తానే ఊరుకుంటుంది. ఎఫ్‌పీజీఏ లోడ్ అవుతున్నప్పుడు కాళ్లను లోపలి పుల్అప్ పైకి లాగినా పొలికేక పెట్టదు.

బజర్‌కి ఒక స్లైడ్ స్విచ్ కూడా పెట్టండి. బ్యాచ్ మొత్తం ఒకేసారి మోగిస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు, పక్క గదిలో థియరీ చెప్పే సారు వచ్చి నిలబడతారు.

మీ బ్రెడ్‌బోర్డ్‌లో బజర్ ఆగకపోవడానికి కారణాలు రెండు ఉంటాయి, వాటిని విడదీసి చూడండి. మొదటిది వైర్ల గుండా. బజర్ 60, 70 మిల్లీఆంప్‌ల కరెంట్‌ని కిలోహెర్ట్జ్ వేగంతో లాగి వదులుతుంటే, ప్యాచ్ కార్డ్‌ల నిరోధం మీద సప్లై 20 మిల్లీవోల్ట్ల దాకా ఊగుతుంది. మైకు బయాస్ నేరుగా అదే సప్లై నుంచి వస్తే ఆ 20 మిల్లీవోల్ట్లు మైకు సిగ్నల్‌లో కలిసి, 101 రెట్లు పెరిగి ఆప్‌ఆంప్‌ని చివరిదాకా తోసేస్తాయి. దీన్ని మాత్రం బోర్డు మీదే ఆపాలి. మైకు బయాస్ రెసిస్టర్ 4.7 కిలో ఓమ్‌లకు ముందు 1 కిలో ఓమ్, 47 మైక్రోఫారడ్ వడపోత పెట్టండి. 2 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ కెపాసిటర్ ఇంపెడెన్స్ 1.7 ఓమ్‌లు, అంటే అలజడి దాదాపు 600 వంతుల్లో ఒక వంతుకి పడిపోతుంది. ఆంప్లిఫయర్ తర్వాత మిగిలేది మూడు, నాలుగు మిల్లీవోల్ట్లే. 2.5 వోల్ట్ల రిఫరెన్స్‌కి రెండు 10 కిలో ఓమ్‌లు, 10 మైక్రోఫారడ్ చాలు.

రెండోది గాలి గుండా. అదే బోర్డు మీద మైకుకి అంగుళాల దూరంలో బజర్ మోగితే మైకు వినకుండా ఎలా ఉంటుంది? మైకు దగ్గర 88 డెసిబెల్ ఉన్నా ఆంప్లిఫయర్ తర్వాత 0.3 వోల్ట్లు వస్తుంది, థ్రెషోల్డ్ దాటుతుంది. చప్పుడు వింటే మోగించు అన్న సర్క్యూట్ తన గొంతు తానే విని మళ్లీ మోగుతుంది. దీన్ని బోర్డు మీద ఆపకండి. నురుగు స్పాంజీ అంటించే పని కూడా వద్దు. బజర్ మోగుతున్నంతసేపూ, ఆ తర్వాత ఇంకో 200 మిల్లీసెకన్లూ మైకు సిగ్నల్‌ని లెక్కలోకి తీసుకోకూడదు అన్నది పిల్లలు కనుక్కోవాలి. ట్రైనర్ కిట్ మీదైతే ఒక మోనోస్టేబుల్ (పల్సు రాగానే కొంతసేపు ఆన్‌లో ఉండేది), ఒక యాండ్ గేటు. ఎఫ్‌పీజీఏ మీదైతే స్టేట్ మెషీన్‌లో (దశలవారీగా నడిచే సర్క్యూట్) అదనంగా ఒక స్టేట్. రెండు చప్పట్లు వింటేనే స్పందించమని చెప్పి, ఈ స్టేట్ లేకుండా ఎవరైనా రాయగలరేమో చూడండి.

ఈ కారణంగానే, మోనోస్టేబుల్‌గా వాడే 555ని బోర్డు మీద పెట్టొద్దంటాను. అది వాళ్లు కట్టాల్సింది.

పీసీబీ మామూలు రెండు పొరలది చాలు. మైకు ఒక చివర, బజర్ ఎదురు చివర, కనెక్టర్ బజర్ వైపు. బజర్ కరెంట్ కనెక్టర్ నుంచి వచ్చి అటే తిరిగి వెళ్లిపోవాలి, మైకు గ్రౌండ్ కింద నుంచి పోకూడదు. కింది పొర అంతా గ్రౌండ్. ప్రతి ఐసీ పక్కన 100 నానోఫారడ్. ఐసీలకు బేస్‌లు వేయించండి, ఎస్ఎండీ (బోర్డు పైనే అంటించే చిన్న భాగాలు) వద్దు. ల్యాబ్ అసిస్టెంట్ టంకం వేసి బాగుచేసుకోగలగాలి. సప్లై దగ్గర వరసలో 1ఎన్5817 డయోడ్ పెడితే 5 వోల్ట్లు, గ్రౌండ్ తారుమారుగా పెట్టినా ఏమీ కాదు. అందులో పోయే 0.1 నుంచి 0.3 వోల్ట్ల వల్ల నేను పైన రాసిన అంకెలన్నీ కాస్త కిందికి జరుగుతాయి. రిఫరెన్స్, థ్రెషోల్డ్ రెండూ ఒకే సప్లై నుంచి భాగించినవే కాబట్టి అమరిక చెడదు. అవుట్‌పుట్ పిన్నులకు 330 ఓమ్‌లు వరసలో పెట్టండి, దేనికి షార్ట్ చేసినా బతుకుతాయి.

టెస్ట్ పాయింట్ల దగ్గర పిసినారితనం వద్దు: మైకు, ఆంప్లిఫయర్, ఎన్వలప్, థ్రెషోల్డ్, ఒక్కోదానికి వైరు రింగు. స్కోప్ క్లిప్ పట్టాలి కదా. ఆంప్లిఫయర్‌నీ పచ్చి పిన్నునీ స్కోప్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి చప్పట్లు కొడితే, కొండలాంటి అల ఒకటి పదుల పల్సులుగా ఎలా ముక్కలవుతుందో కనిపిస్తుంది. ఆ పచ్చి పిన్నుని 7490 కౌంటర్‌కి ఇస్తే చప్పట్లు కొట్టినప్పుడల్లా సెవెన్ సెగ్మెంట్ మీద వేరే అంకె పడుతుంది. మీ ఫ్లిప్‌ఫ్లాప్ ఒకసారి మారి ఒకసారి మారకపోవడం కూడా ఇదే: వచ్చిన పల్సులు సరి సంఖ్య అయితే తిరిగి మొదటికే వస్తుంది. వడగట్టిన పిన్నుకి మార్చగానే ఒక చప్పుడుకి ఒకటే పెరుగుతుంది. డిబౌన్స్ (ఒక్క చప్పుడుకి వచ్చే పల్సుల గుంపుని ఒకటిగా చేయడం) గురించి నల్లబల్ల మీద రాసి చెప్పేకంటే ఈ రెండు వైర్లు మార్చి చూపిస్తే గట్టిగా గుర్తుంటుంది.

ఎఫ్‌పీజీఏ వాళ్లకు ఇంకో లాభం. చప్పట్లు క్లాక్‌ని చూసి రావు. వడగట్టిన సిగ్నల్‌ని కూడా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల సింక్రొనైజర్ (బయటి సిగ్నల్‌ని క్లాక్‌తో కలిపేది) గుండా తీసుకోకపోతే స్టేట్ మెషీన్ ఎప్పుడో ఒకసారి వింత స్టేట్‌లోకి పోతుంది. మెటాస్టెబిలిటీ, అంటే ఫ్లిప్‌ఫ్లాప్ కాసేపు 0, 1 మధ్య తేలకుండా ఉండడం, ల్యాబ్‌లో మనం అడిగినప్పుడు రాదు కానీ, వేర్వేరు ఫ్లిప్‌ఫ్లాప్‌లు ఒకే సిగ్నల్‌ని వేర్వేరు క్లాక్‌లలో చూడడం వల్ల వచ్చే తప్పు మాత్రం తరచూ పట్టుబడుతుంది.

ఉత్సాహవంతులు ఉంటే ఒక జంపర్ అదనంగా ఇవ్వండి, పచ్చి కంపారేటర్ థ్రెషోల్డ్‌ని సరిగ్గా 2.5 వోల్ట్లకు మార్చేది. అప్పుడు మైకు దగ్గర మాట్లాడితే పిన్ను మీద ఒక్క బిట్‌గా మారిన మాట వస్తుంది. అల ఎత్తుపల్లాలన్నీ కోసేసి సున్నా దాటిన చోట్లు మాత్రమే మిగిల్చినా మాట చాలావరకు అర్థమవుతుందని లిక్‌లైడర్, పొలాక్ అనే పరిశోధకులు 1948లో చూపించారు. సెకనుకి 8,000 బిట్ల చొప్పున బేసిస్ 3లోని బ్లాక్ ర్యామ్‌లో (చిప్పు లోపలి మెమరీ) మూడు నిమిషాలకు పైగా దాచుకోవచ్చు. తిరిగి వినిపించడానికి మాత్రం బజర్ పనికిరాదు, అది తన సొంత పౌనఃపున్యం దగ్గరే గట్టిగా మోగుతుంది. కంప్యూటర్ స్పీకర్ల ఆంప్లిఫయర్‌కి ఇవ్వండి, సిగ్నల్‌ని బాగా తగ్గించి.

మొదటి బోర్డు చేతికి రాగానే ఐసీలు పెట్టకముందే సప్లై కొలవండి. 1ఎన్5817 దాటాక 4.7 నుంచి 4.9 వోల్ట్లు, రిఫరెన్స్ అందులో సగం, మైకు కాలి దగ్గర 3 వోల్ట్ల అటూఇటూ ఉండాలి. మైకు రెండు కాళ్లలో డబ్బాకు కలిసి కనిపించే కాలు గ్రౌండ్. అది తిరగబడడమే ఎక్కువసార్లు జరిగే పొరపాటు. తర్వాత ఎంసీపీ6002 పెట్టి ఆంప్లిఫయర్, ఎన్వలప్ రెండూ రిఫరెన్స్ దగ్గరే ఉన్నాయా చూసుకోండి, స్కోప్ ఎన్వలప్ మీద పెట్టి చప్పట్లు కొట్టండి. అల పైకి లేవాలి. లేవకుండా కిందికి దిగితే 1ఎన్4148 తిరగేసి టంకం వేశారన్నమాట. నిశ్శబ్దంలో వోల్టేజి సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఇది మల్టీమీటర్‌తో దొరకదు.